ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కు క్లచ్ మార్పు: పని డైరీ

బండి డబుల్ క్యాబ్ పికప్. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, 5 గేర్ల మాన్యువల్, లివర్‌తో వేసే పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. క్లచ్ హైడ్రాలిక్, అంటే పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్ మోస్తుంది. క్లచ్‌ను విడదీసే ఫోర్క్‌ను తోసే స్లేవ్ సిలిండర్ బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గేర్‌బాక్స్ ముందు భాగం) బయటే ఉంది. ఫిర్యాదు ఒక్కటే: నాలుగు, ఐదు గేర్లలో ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది, స్పీడు ముల్లు లేవదు, అంటే క్లచ్ జారుతోంది. లోడు ఉంటే కాలిన వాసన.

విప్పకముందు

గేర్‌బాక్స్ దించడం రెండు రోజుల పని. అందుకే ముందు అరగంట పెడల్ దగ్గర కూర్చోవాలి. పెడల్‌ను వేలితో మెల్లగా నొక్కితే బరువు తగలకముందు కాస్త వదులుగా కదలాలి. అదే ఫ్రీ ప్లే. ఈ రకం బళ్లలో 5 నుంచి 15 మి.మీ. ఉంటుంది. ఇక్కడ సున్నా.

కారణం పెడల్ వెనకే దొరికింది. పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పుష్‌రాడ్‌ను లాక్‌నట్ వదులు చేసి బారు పెంచారు. పెడల్ పైనే క్లచ్ అందుకోవాలని చేసే సర్దుబాటు ఇది. దాంతో పెడల్ వదిలినా మాస్టర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. ఫ్లూయిడ్ రిజర్వాయర్‌లోకి తిరిగిపోయే సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. ఇంజిన్ వేడికి లైన్‌లో ఫ్లూయిడ్ ఉబ్బితే పోయే దారి లేక స్లేవ్‌ను తోస్తుంది, స్లేవ్ ఫోర్క్‌ను తోస్తుంది. కాలు తీసేసినా క్లచ్ మీద కాలున్నట్టే. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, గంట నడిచాక జారే బండిలో మొదట చూడాల్సింది ఇదే. వేడిమీద జారుతున్నప్పుడు బండి ఆపి స్లేవ్ బ్లీడర్ నిపుల్ ఒక్క క్షణం వదులు చేస్తే ఫ్లూయిడ్ చిమ్మి, జారుడు తగ్గిందంటే లైన్‌లో ఒత్తిడి నిలిచిపోతోందని రుజువు.

పుష్‌రాడ్ సరిచేసి 8 మి.మీ. ప్లే ఇచ్చి మళ్లీ నడిపాం. ఐదో గేర్లో 50 కి.మీ. వేగం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే జారుడు తగ్గింది కానీ పోలేదు. ప్లేటు అప్పటికే దెబ్బతింది. ఇక దించక తప్పదు.

తెచ్చుకున్న సామాను: క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ (ఫోర్క్ తోస్తే ప్రెషర్ ప్లేటును నొక్కేది), పైలట్ బేరింగ్ (క్రాంక్ చివర ఇన్‌పుట్ షాఫ్ట్ మొనను పట్టేది), ఇంజిన్ వెనక క్రాంక్ సీల్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్, ఫ్లైవీల్ బోల్టులు, ఫోర్క్ పివట్ బాల్, ఫోర్క్ రబ్బరు బూటు, స్లేవ్ సిలిండర్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచేది) గ్యాస్కెట్, సైలెన్సర్ గ్యాస్కెట్లు. గేర్ ఆయిల్ జీఎల్-4 75డబ్ల్యూ-90, 4 లీటర్లు. డాట్ 4 ఫ్లూయిడ్ అర లీటరు, బ్రేక్ క్లీనర్ మూడు డబ్బాలు, వేడి తట్టుకునే మాలిబ్డినం గ్రీజు. సీళ్లు, బాల్, బూటు ఖర్చులో ఓ మూలకు కూడా రావు. అవి మిగుల్చుకుంటే మళ్లీ ఇదే గేర్‌బాక్స్ దించాలి.

ముందురోజు రాత్రే సైలెన్సర్ నట్లకు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేశాం.

1వ రోజు: కింద ఉన్నవన్నీ తప్పించడం

బ్యాటరీ నెగటివ్ తీశాం. స్టార్టర్ కేబుల్‌లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పానా చాసిస్‌కు తగిలితే నిప్పులే. నాలుగు స్టాండ్ల మీద బండిని సమంగా ఎత్తాం. ఎంత ఎత్తాలన్నది నడుం వాల్చే వీలు చూసి కాదు, జాకీ మీద ఉన్న గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్‌తో సహా చాసిస్ కింద నుంచి బయటికి దొర్లేలా చూసుకోవాలి. ముందే కొలవకపోతే దించిన గేర్‌బాక్స్ బండి కిందే చిక్కుకుపోతుంది.

లివర్లు క్యాబిన్ లోపలి నుంచి. కన్సోల్, రబ్బరు బూట్లు తీస్తే గేర్ లివర్ అడుగున ఒక టోపీ ఉంటుంది, దాన్ని కిందికి నొక్కి అపసవ్యంగా తిప్పితే ఊడుతుంది. ట్రాన్స్‌ఫర్ లివర్‌కు స్ప్రింగ్ క్లిప్. రెండు రంధ్రాల్లో వెంటనే శుభ్రమైన గుడ్డ కుక్కాలి. లోపల పడిన చిన్న వాషర్ కోసం గేర్‌బాక్స్ విప్పడం కంటే విసుగు పుట్టించే పని లేదు.

ఆయిల్ తీసేముందు నింపే ప్లగ్గు వదులవుతుందో లేదో చూసుకోవాలి. డ్రెయిన్ ప్లగ్గు ఊడి, ఫిల్లర్ ప్లగ్గు అరిగి తిరగకపోతే ఆయిల్ లేని గేర్‌బాక్స్ మిగులుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్‌లో మెత్తని పసుపు పొడి కొంచెం కనిపించింది, అది గేర్లు గీరకుండా పడేలా చేసే సింక్రో రింగుల ఇత్తడి. ఇంత వయసుకు మామూలే. పెళ్లలుగా ఉక్కు ముక్కలు వస్తే అప్పుడు ఆలోచించాలి.

ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ తీసేముందు ఫ్లాంజికి, షాఫ్టుకి కలిపి పెయింట్ గీత పెట్టాం. స్లిప్ జాయింట్ దగ్గర కూడా ఒక గీత. జాయింట్ ఊడి ఒక పన్ను తేడాతో ఎక్కితే రెండు చివర్ల యోకులు ఒకే వరసలో ఉండవు, వేగంలో బండి వణుకుతుంది, ఆ వణుకుకు కొత్త క్లచ్ మీద నింద పడుతుంది.

వైర్లలో ఒక చిక్కు. రివర్స్ లైట్ స్విచ్, ఫోర్ వీల్ డ్రైవ్ స్విచ్ కనెక్టర్లు అచ్చం ఒకేలా ఉన్నాయి. తారుమారైతే రివర్స్ వేసినప్పుడు డ్యాష్‌బోర్డు మీద 4డబ్ల్యూడీ లైటు వెలుగుతుంది. టేపు మీద రాసి అంటించాం. పైన రెండు బ్రీతర్ పైపులు కూడా ఉన్నాయి, గేర్‌బాక్స్ దిగేటప్పుడు తెగేవి అవే.

స్లేవ్ సిలిండర్‌ను లైన్ ఊడదీయకుండా రెండు బోల్టులు తీసి పక్కకు కట్టాం. కొత్తది వేసేవాళ్లమే అయినా పాతది ఊడిందంటే ఫ్లూయిడ్ కారి పెయింట్ లేపుతుంది. పెడల్‌కు «తొక్కొద్దు» అని చీటీ కట్టాం, తొక్కితే పిస్టన్ బయటికి ఎగురుతుంది. స్టార్టర్ పై బోల్టు కంటికి కనబడదు, చేతికి మాత్రమే తగులుతుంది. ముందు చక్రాలకు స్ప్రింగులుగా పనిచేసే టార్షన్ బార్ల మధ్య నుంచి గేర్‌బాక్స్ దిగే వీలుంది కాబట్టి వాటిని ముట్టలేదు. వాటి క్రాస్ మెంబర్ అడ్డొచ్చే బళ్లలో అడ్జస్టర్ బోల్టు మరలు ఎన్ని మి.మీ. బయట ఉన్నాయో కొలిచి రాసుకున్నాకే వదలాలి, లేకపోతే బండి ఒక పక్కకు వాలుతుంది.

సైలెన్సర్ ముందు పైపు నట్లు మూడింటిలో రెండు వచ్చాయి. మూడోది స్టడ్డుతో సహా ఊడింది. అదీ ఒకందుకు మంచిదే, కొత్త స్టడ్డు ఎక్కుతుంది.

2వ రోజు: దించడం

ట్రాన్స్‌ఫర్ కేస్, గేర్‌బాక్స్ కలిపి దించాలా, విడిగానా? రెండూ కలిస్తే వంద కిలోలకు అటూ ఇటూ. పైగా ముందు షాఫ్టుకు వెళ్లే భాగం ఒక పక్కకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి బరువు మధ్యలో ఉండదు, జాకీ మీద పక్కకు దొర్లే స్వభావం. పట్టీలున్న పెద్ద ట్రాన్స్‌మిషన్ జాకీ ఉంటే కలిపి దించవచ్చు. ఈ బండిలో విడదీసే వీలుంది కాబట్టి ముందు ట్రాన్స్‌ఫర్ కేస్ దించాం. ఒక గ్యాస్కెట్ ఖర్చు, గంట పని ఎక్కువ. ఎక్కించేటప్పుడు ఆ గంటకు రెండింతలు మిగిలింది.

ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి జాకీతో ఆనించాం. దిమ్మ సంపు అడుగుకు వెడల్పుగా ఆనాలి, లేదంటే ఆయిల్ సంపు లోపలికి నొక్కుకుపోతుంది. గేర్‌బాక్స్‌ను మోసే క్రాస్ మెంబర్ తీసి జాకీని కొద్దికొద్దిగా వదిలితే ఇంజిన్ వెనక భాగం కిందికి వాలుతుంది. ఆ వాలులోనే బెల్ హౌసింగ్ పై బోల్టులకు దారి దొరుకుతుంది. వాలేటప్పుడు ఒకరు బానెట్ దగ్గర నిలబడి ఫ్యాను రెక్కలు కవచానికి తగులుతున్నాయా, హోసులు, బ్రేకు పైపులు లాగుడు పడుతున్నాయా చూడాలి.

పై బోల్టులకు ట్రాన్స్‌మిషన్ తోక వైపు నుంచి దాదాపు 90 సెం.మీ. ఎక్స్‌టెన్షన్లు కలిపి, చివర వంగే జాయింటు, సాకెట్ పెట్టి తిప్పాం. జాయింటుకు టేపు చుడితే తల వేలాడదు. బోల్టులు మూడు రకాల పొడవులు. అట్టముక్క మీద బెల్ హౌసింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటుదో ఆ చోటే గుచ్చాం. పొడుగుది పొట్టి రంధ్రంలో ఎక్కితే బ్లాకు పగులుతుంది.

అన్ని బోల్టులు వచ్చినా గేర్‌బాక్స్‌ను సరిగ్గా కూర్చోబెట్టే రెండు డోవెల్ పిన్నుల దగ్గర గేర్‌బాక్స్ పట్టుకుని ఉంది. వెడల్పాటి ప్రై బార్‌తో కుడి ఎడమలు మార్చి మార్చి కదిపితే వదిలింది. అక్కడి నుంచి ఇన్‌పుట్ షాఫ్ట్ ప్లేటు దాటే వరకు నేరుగా వెనక్కే రావాలి. సగం ఊడిన గేర్‌బాక్స్ వేలాడితే ఆ బరువంతా ప్లేటు హబ్ మీద పడుతుంది. పాత ప్లేటు వంగినా నష్టం లేదు, పైలట్ మొనకు దెబ్బ తగిలితే మాత్రం నష్టమే.

3వ రోజు: ఏం జరిగిందో చూడటం

బెల్ హౌసింగ్ నిండా నల్లటి పొడి. గాలి కొట్టి ఊదకూడదు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవాలి. తుడిచే ముందు తడి ఎక్కడుందో చూసుకోవాలి. గంధకం కంపు కొట్టే చిక్కటి తడి గేర్ ఆయిల్, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్. వాసన లేని నల్లటి తడి ఇంజిన్ ఆయిల్, అంటే క్రాంక్ సీల్ లేదా పై నుంచి వాల్వ్ కవర్ కారుడు. ఇక్కడ క్రాంక్ సీల్ అంచు కొంచెం చెమ్మగా ఉంది, ప్లేటు దాకా చేరలేదు.

ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒక్కొక్కటి ఒక చుట్టు చొప్పున ఎదురెదురుగా వదిలాం. ఒకే పక్క వదిలేస్తే లోపలి డయాఫ్రమ్ స్ప్రింగ్ (మధ్యలోకి వేళ్లలా చాచిన పళ్లెం స్ప్రింగ్) కవరును వంచేస్తుంది.

ప్లేటు చేతికి రాగానే విషయం తెలిసింది. లైనింగు అద్దంలా మెరుస్తోంది. రివెట్ తల లైనింగు కంటే ఎంత లోతుందో వెర్నియర్‌తో కొలిస్తే ఫ్లైవీల్ వైపు 0.4 మి.మీ., రెండో వైపు 0.6. మార్చాల్సిన హద్దుగా చాలా మాన్యువల్స్ 0.3 మి.మీ. చెబుతాయి. లైనింగు అరిగి పోలేదు, కాలి గట్టిపడింది. అసలు సాక్ష్యం ప్రెషర్ ప్లేటు మీద ఉంది: డయాఫ్రమ్ వేళ్ల కొసలన్నీ నీలం తిరిగి, ఒకే గుండ్రటి గాడి పడి ఉన్నాయి. రిలీజ్ బేరింగ్ గ్రీజు ఎండిపోయి చేత్తో తిప్పితే గరగరమంటోంది. క్లచ్ తొక్కినప్పుడే ఒత్తుకోవాల్సిన బేరింగ్ బండి నడిచినంతసేపూ ఒత్తుకునే తిరిగింది. పెడల్ దగ్గర చూసిన సున్నా ప్లే ఇక్కడ గాడిగా అచ్చు పడింది.

ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, వెంట్రుకంత పగుళ్లు. పగుళ్లు బోల్టు రంధ్రాల వైపు పోకుండా పైపైనే ఉన్నాయి కాబట్టి గ్రైండింగుకు పంపాం. లేత్ కంటే గ్రైండింగే మేలు. మచ్చ పడిన చోట లోహం గట్టిపడి ఉంటుంది, లేత్ పనిముట్టు అక్కడ ఎగిరి చిన్న గుట్ట వదులుతుంది. ఆ గుట్టే తర్వాత కుదుపు. 0.3 మి.మీ. తీస్తే మచ్చలు పోయాయి. మెట్టు ఉన్న ఫ్లైవీలైతే మెట్టు కూడా అంతే తీయాలి. డ్యుయల్ మాస్ (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాల) రకమైతే గ్రైండింగే లేదు, లోపలి ఊగిసలాట హద్దు దాటితే మార్చడమే.

రింగ్ గేర్ పళ్లు చుట్టూ చూశాం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగినప్పుడల్లా దాదాపు అవే రెండు చోట్ల ఆగుతుంది, స్టార్టర్ కొట్టేది అక్కడే. అరుగుదల స్వల్పం.

పైలట్ బేరింగ్ పుల్లర్ లేకుండానే తీశాం. రంధ్రంలో తడి కాగితం ముద్దలు కుక్కి, సరిగ్గా ఆ రంధ్రంలో పట్టే ఇనుప కడ్డీతో సుత్తి దెబ్బలు. కాగితం వెనక్కి చేరి బేరింగును బయటికి తోస్తుంది. పదిహేను దెబ్బలకు, మూడుసార్లు కాగితం నింపితే వచ్చింది. గ్రీజుతోనూ చేయవచ్చు గానీ ముఖాన చిమ్ముతుంది. కొత్తదాన్ని బయటి రింగు మీద మాత్రమే సాకెట్ ఆనించి కొట్టాలి.

4వ రోజు: బిగింపు

క్రాంక్ సీల్ పాతది ఉన్న లోతులోనే కాకుండా ఒక మి.మీ. బయటికి నిలిపాం, షాఫ్టు మీద పాత పెదవి కోసిన గీతపై కొత్త పెదవి ఆనకుండా. పెదవికి ఇంజిన్ ఆయిల్ పూయాలి, పొడిగా ఎక్కిస్తే మొదటి స్టార్ట్‌లోనే చిరుగుతుంది. ఈ ఇంజిన్లో ఫ్లైవీల్ బోల్టు రంధ్రాలు క్రాంక్ కేసులోకి తెరుచుకుంటాయి, కాబట్టి మరలకు సీలెంట్ పూసి, ఎదురెదురుగా మూడు విడతల్లో మాన్యువల్ చెప్పిన టార్కుకు బిగించాం.

కొత్త ప్లేటును ముందు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద ఖాళీగా ఎక్కించి జరిపి చూశాం. బిగుతుగా ఉంటే ప్లేటు తప్పు. తర్వాత స్ప్లైన్లకు (షాఫ్టు మీది నిలువు గాళ్లకు) కందిగింజంత గ్రీజు, ప్లేటు రెండుసార్లు జరిపి, చివర చేరిన గ్రీజు తుడిచేయడం. ఎక్కువైన గ్రీజు తిరుగుడుకు లైనింగు మీదికే చిమ్ముతుంది.

కొత్త ప్రెషర్ ప్లేటు ముఖం మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె పొర ఉంటుంది. కంటికి కనబడదు, గుడ్డకు అంటుతుంది. బ్రేక్ క్లీనర్‌తో గుడ్డ తెల్లగా వచ్చే వరకు తుడిచాం. ప్లేటులో స్ప్రింగులున్న ఉబ్బెత్తు గేర్‌బాక్స్ వైపు. తిరగేస్తే హబ్ ఫ్లైవీల్ బోల్టుల తలలకు తగిలి క్లచ్ విడదు, గేర్‌బాక్స్ ఎక్కించాక గానీ తెలియదు.

కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ అలైన్‌మెంట్ టూల్ పైలట్లో వదులుగా ఊగుతుంది. అందుకే కవరు చేతి బిగుతుకు వచ్చాక డయాఫ్రమ్ వేళ్ల మధ్యలో ప్లేటు హబ్ సమంగా ఉందా అని ఎదురుగా కూర్చుని కంటితో చూసి, టూల్‌ను పైకి ఎత్తిపట్టి బిగించాం. ఎం8 బోల్టులు ఒక్కో విడత అర చుట్టు, ఎదురెదురుగా, చివరికి 22 న్యూటన్ మీటర్లు. పూర్తయ్యాక టూల్ రెండు వేళ్లతో లాగితే రావాలి. వచ్చింది.

ఫోర్క్ పివట్ బాల్ ఒక పక్క చదునుగా అరిగింది, మార్చాం. రిలీజ్ బేరింగ్‌ను క్లీనర్‌లో కడగకూడదు, లోపలి గ్రీజు పోతుంది.

5వ రోజు: ఎక్కించడం

బెల్ హౌసింగ్ బోల్టులంత మందం ఉన్న పొడుగు బోల్టులు రెండింటి తలలు కోసి, కొసన స్క్రూడ్రైవర్ గాడి పెట్టి, ఎదురెదురు రంధ్రాల్లో గైడు కడ్డీలుగా నిలిపాం. గేర్‌బాక్స్‌ను నాలుగో గేర్లో ఉంచాం. ఈ గేర్‌బాక్స్‌లో నాలుగోది నేరుగా తిరిగే గేరు, కాబట్టి వెనక షాఫ్టు ఎంత తిప్పితే ముందు షాఫ్టు అంతే తిరుగుతుంది.

స్ప్లైన్లు పట్టాయి. తర్వాత వేలెడంత ఖాళీ దగ్గర ఆగింది. ఇక్కడే చాలామంది బోల్టులు పెట్టి లాగుతారు. లాగితే పైలట్ బేరింగ్ పగలవచ్చు, ప్లేటు హబ్ వంగవచ్చు, బెల్ హౌసింగ్ చెవి విరగవచ్చు. ఖాళీని కొలిచాం: పైన 9 మి.మీ., కింద 14. ఇంజిన్ వెనక్కి వాలి ఉంది, గేర్‌బాక్స్ మాత్రం చదునుగా ఉంది. జాకీ మీద గేర్‌బాక్స్ తోక కొద్దిగా దించితే పైనా కిందా 11కి వచ్చింది. అప్పుడు వెనక షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ, తోకను కాస్త ఊపుతూ తోస్తే ఠక్కున డోవెళ్ల దాకా జారింది. ఖాళీ చుట్టూ సమంగా ఉండి కూడా ఎక్కకపోతే ప్లేటు మధ్యలో లేదని అర్థం. మళ్లీ వెనక్కి లాగి టూల్ పెట్టాలి, వేరే దారి లేదు.

బోల్టులు బిగించే ముందు క్రాంక్ పుల్లీని పానాతో రెండు చుట్లు తిప్పి చూశాం, ఎక్కడా పట్టలేదు. ఫోర్క్ చేత్తో కదిపితే బేరింగ్ వేళ్లకు తగిలేది తెలిసింది. ట్రాన్స్‌ఫర్ కేస్, క్రాస్ మెంబర్, స్టార్టర్, షాఫ్టులు పెయింట్ గీతల ప్రకారం తిరిగి ఎక్కాయి. ఈ భాగంలో చెప్పుకోవాల్సిందేమీ లేదు.

6వ రోజు: ఆయిల్, గాలి, రోడ్డు

ఆయిల్ లెవెల్ రంధ్రం నుంచి కారే వరకు, బండి చదునుగా ఉండగా పోయాలి. గేర్‌బాక్స్‌కు రెండున్నర లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కు లీటరు పైచిలుకు పట్టింది. జీఎల్-5 దొరికింది కదా అని పోయకూడదు, అందులోని గంధకం మందులు ఇత్తడి సింక్రోలను తినే ప్రమాదం ఉంది. కొన్ని ట్రాన్స్‌ఫర్ కేసులకు గేర్ ఆయిల్ కాదు, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఫ్లూయిడ్) పడుతుంది, అది మాన్యువల్‌లోనే చూడాలి.

స్లేవ్ కొత్తది వేయడానికి కారణం: కొత్త ప్లేటుతో పిస్టన్ పాత చోటు నుంచి కొంచెం ముందుకు వచ్చి పనిచేస్తుంది. ఆ చోట తుప్పు గీత ఉంటే రబ్బరు కప్పు కోసుకుపోతుంది. క్లచ్ మార్చిన వారానికే స్లేవ్ కారిందనే మాట వెనక ఉండేది ఇదే. లైన్‌లో గాలి తీసే బ్లీడింగుకు నిపుల్‌కు పారదర్శక గొట్టం, కొస ఫ్లూయిడ్ ఉన్న సీసాలో. పెడల్ మెల్లగా మూడుసార్లు తొక్కి పట్టుకోవడం, నిపుల్ పావు చుట్టు వదలడం, బిగించాకే పెడల్ వదలడం. పన్నెండో విడతకు బుడగలు ఆగాయి. తర్వాత పెడల్ ఫ్రీ ప్లే 10 మి.మీ.కి, పుష్‌రాడ్ ప్లే పెడల్ దగ్గర 2 మి.మీ.కి నిలిపి లాక్‌నట్ బిగించాం.

స్టార్ట్ చేసి న్యూట్రల్లో విన్నాం. పెడల్ తొక్కితే వచ్చే చప్పుడు రిలీజ్ బేరింగ్‌ది. వదిలితే వచ్చి తొక్కితే పోయేది ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది. గేర్లో ఉండి పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే వచ్చేది పైలట్‌ది. మూడూ లేవు. పెడల్ తొక్కి ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేస్తే గీరుడు లేకుండా పడింది, అంటే ప్లేటు పూర్తిగా విడుతోంది.

ఫోర్ వీల్ డ్రైవ్‌ను మట్టి నేల మీదే పరీక్షించాం, పొడి రోడ్డు మీద వేస్తే ముందు వెనక షాఫ్టులు మెలిపడి లివర్ వెనక్కి రాదు. లైటు వెలిగింది, రివర్స్ వేసినప్పుడు కాదు. మొదటి 20 కి.మీ.లో బయల్దేరేటప్పుడు సన్నటి వణుకు, కొంచెం వాసన ఉన్నాయి. తర్వాత పోయాయి. 800 కి.మీ. వరకు ట్రెయిలర్ లాగడం, గుట్టల మీద హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం వద్దు.

800 కి.మీ. దగ్గర

ఫ్రీ ప్లే 10 మి.మీ. అలాగే ఉంది. గంట నడిపి, వేడిమీదే మళ్లీ కొలిచాం, అప్పుడూ 10. బెల్ హౌసింగ్ అడుగు రంధ్రం పొడిగా ఉంది. ముందు షాఫ్టు ఫ్లాంజి బోల్టు ఒకటి పావు చుట్టు తిరిగింది, మిగతావి కదల్లేదు. ఐదో గేర్లో ఎత్తు మీద పూర్తి యాక్సిలరేటర్‌కు రెండు ముళ్లూ కలిసే లేస్తున్నాయి.